బండి పొగ వదిలితే ఇంజన్ విప్పించకండి

ఈ సలహాలు వినడానికి తలకిందులుగా ఉంటాయి. హైదరాబాద్ పాతబస్తీలో, శాలిబండలోనో మొగల్‌పురాలోనో పాత యెజ్డీ ఒకటి రోడ్డు పక్కన ఆగి గుప్పుగుప్పున పొగ వదులుతుంటే ఎంతోసేపు పట్టదు, నలుగురు చేరతారు. నలుగురిదీ ఒకటే మాట: "బోర్ గయా మియా, ఖోల్నాఇచ్ పడ్తా", అంటే బోరు పోయింది, విప్పాల్సిందే అని. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. విప్పకండి. కనీసం ఆ రోజు విప్పకండి. బండి వేడెక్కి పొగ వదిలిందంటే ఇంజన్ దించాల్సిందే అన్న నమ్మకం ఈ బస్తీలో ఎన్ని మంచి సిలిండర్లను తినేసిందో చూస్తూ వచ్చాను కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను.

మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో బండ్లు చేయడం మొదలుపెట్టి 1996లో మూతపడింది. యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో, ఆగిపోయింది 1996లో. రాజ్‌దూత్ 350 మొదలైంది 1983లో, పదేళ్ళు కూడా నిలవలేదు. అంటే ఇవాళ పాతబస్తీ గల్లీల్లో తిరిగే ఈ బండ్లలో చిన్నదానికి కూడా దాదాపు ముప్పై ఏళ్ళ వయసు ఉంది. కంపెనీ నుంచి వచ్చిన అసలు సిలిండర్ ఇప్పుడు జుమ్మెరాత్ బజార్‌లో వెతికినా దొరకడం అదృష్టమే. బోరింగ్ చేయించిన ప్రతిసారీ ఆ సిలిండర్ గోడలోంచి పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో ఇనుము శాశ్వతంగా పోతుంది. పెద్ద సైజు పిస్టన్లు నాలుగు మెట్లు దాటి దొరకవు. ఆ తర్వాత స్లీవ్ వేయించాలి. స్లీవ్ సరిగ్గా అతుక్కోకపోతే వేడి బయటికి పోదు, వేడెక్కుతోందని చేయించిన పనే వేడికి కారణమవుతుంది. అనుమానం మీద అరగదీయడానికి మన దగ్గర అంత ఇనుము లేదు.

పొగను ఆపకండి, కాసేపు రానివ్వండి

పొగ సాక్ష్యం. దాన్ని చూడకముందే ఇంజన్ ఆపేస్తే సాక్ష్యం పోతుంది. బండి స్టాండ్ మీద ఉండగా కూర్చుని ముందు ఒక్కటే చూడండి: పొగ ఎక్కడి నుంచి వస్తోంది? సైలెన్సర్ కొస నుంచా, ఇంజన్ పైనుంచా? బుల్లెట్లలో టాపెట్ మూత దగ్గరో, రాకర్‌కు ఆయిల్ తీసుకెళ్ళే గొట్టం బోల్టు దగ్గరో కారిన చుక్క వేడి సిలిండర్ రెక్కల మీద పడి కాలితే అచ్చం ఇంజన్ తగలబడుతున్నట్టే ఉంటుంది. దానికి కావలసింది రాగి వాషర్. మరునాడు పొద్దున చల్లటి ఇంజన్‌ను గుడ్డతో శుభ్రంగా తుడిచి, ముగ్గుపిండి గానీ టాల్కమ్ పౌడర్ గానీ చల్లి, నాలుగు వీధులు తిప్పి తీసుకురండి. పిండి ఎక్కడ తడిసిందో అక్కడే కారుతోంది.

సైలెన్సర్ నుంచే వస్తుంటే రంగు చూడండి. నీలం ఛాయ ఉంటే ఆయిల్ కాలుతోంది. నల్లగా, ముక్కుకు పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు ఎక్కువైంది. చలికాలం పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో తెల్లగా లేచి వెంటనే మాయమయ్యేది నీటి ఆవిరి, దాన్ని పట్టించుకోవద్దు. తర్వాత ఎప్పుడు వస్తోందో చూడండి, ఇది రంగు కంటే ముఖ్యం. బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ బండి ఫలక్‌నుమా ఎత్తు ఎక్కుతూ బరువు లాగేటప్పుడు పొగ వదిలితే రింగుల మీద అనుమానం. అదే ఎత్తు దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి, కింద మళ్ళీ తిప్పగానే ఒక్క గుప్పు పొగ వస్తే అది వాల్వు గైడు. వాల్వు గైడుకు హెడ్ దిగితే చాలు, బోరింగ్ అక్కర్లేదు. ఈ తేడా తెలియక రింగులు, పిస్టన్, బోరింగ్ అన్నీ చేయించి, చివరికి అదే పొగతో ఇంటికొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు.

పొగ తగ్గాలని ఆయిల్ తగ్గించకండి

టూ స్ట్రోక్ బండికి పొగ పుట్టుకతో వచ్చింది. పెట్రోల్‌తో పాటు కాలడానికే అందులో ఆయిల్ పోస్తాం. యెజ్డీలో ట్యాంకులోనే కలుపుతాం. ఆర్‌ఎక్స్ 100లో చిన్న పంపు యాక్సిలరేటర్‌ను బట్టి కొలిచి పంపుతుంది. ఇరుగుపొరుగు గొణిగారనో, పోలీసు ఆపాడనో ఆయిల్ సగం చేసేవాళ్ళు తమ చేతులతో పిస్టన్‌ను సిలిండర్‌కు అతికిస్తున్నారు. పొగ తగ్గుతుంది, నిజమే. ఎండాకాలం మధ్యాహ్నం పిస్టన్ పట్టేసిన రోజున పొగ పూర్తిగా ఆగిపోతుంది.

అలాగని దండిగా పోసినా మంచిది కాదు. దీన్ని చాలామంది నమ్మరు గనుక కాస్త విడమరచి చెబుతాను. కార్బరేటర్ జెట్‌లోంచి పోయే ద్రవం ఎప్పుడూ ఒక కొలతే. అందులో ఆయిల్ పాలు పెరిగితే పెట్రోల్ పాలు తగ్గుతుంది. పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైతే మంట వేడెక్కుతుంది. "ఆయిల్ ఎక్కువే పోశాను, పొగ కూడా బాగానే వస్తోంది, అయినా వేడెక్కుతోంది" అని వాపోయేవారి బండ్లలో ఇదీ ఒక కారణం. కాబట్టి చేతి అంచనా మానండి. పాత పద్ధతిలో 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 40కి 1 అంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు. మీ బండి పుస్తకం ఏది చెబితే అది, కొలత మూతతో, ప్రతిసారీ. పొగ నిజంగా తగ్గాలంటే పరిమాణం మార్చకుండా రకం మార్చండి. టూటీ, అంటే టూ స్ట్రోక్ ఆయిల్ డబ్బా వెనక జాసో గుర్తు ఉంటుంది. ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని రాసినవి తక్కువ పొగ కోసం పరీక్షించినవి. విడిగా అమ్మే, పేరులేని ఆయిల్ ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

ఆర్‌ఎక్స్ పంపు విషయంలో ఇంకో మాట. "పంపు తీసేయ్, ట్యాంకులోనే కలుపు, బేఫికర్" అని చెప్పేవాళ్ళు అడుగడుగునా ఉన్నారు. వినకండి. పంపు కేబుల్ వదులైతే యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఆయిల్ చాలినంత రాదు, కాబట్టి కేబుల్ సరిచేసి గుర్తుకు గుర్తు కలపండి. ఆయిల్ ట్యాంకు ఒకసారి ఖాళీ అయితే గొట్టంలో గాలి చేరుతుంది. ఆ గాలి బయటికి తీసేదాకా ట్యాంకు నిండుగా ఉన్నా ఇంజన్‌కు ఆయిల్ అందనట్టే. రెండూ స్క్రూడ్రైవర్ పనులు.

బోరు చూసే ముందు గేర్ ఆయిల్ కొలవండి

ఈ ఒక్క సలహా గుర్తుపెట్టుకుంటే మిగతావి మరిచిపోయినా నాకు బాధ లేదు. పాత యెజ్డీ, జావా, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్, అన్నిటికీ వర్తిస్తుంది.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో గాలి, పెట్రోలు, ఆయిల్ కలిసి ముందు కింద క్రాంక్ గదిలోకి వస్తాయి. పిస్టన్ పైకి పోతే ఆ గది పీలుస్తుంది, కిందికి వస్తే నొక్కి పైకి తోస్తుంది. ఆ పీల్చడం, తోయడం సక్రమంగా జరగాలంటే గది ఎటూ కారకూడదు. క్రాంక్ షాఫ్ట్ రెండు వైపులా బయటికి వస్తుంది కదా, ఆ రెండు చోట్లా రబ్బరు సీళ్ళు ఉంటాయి. ఒకటి క్లచ్ వైపు, ఒకటి డైనమో లేదా మ్యాగ్నెట్ వైపు. ముప్పై నలభై ఏళ్ళ బండిలో, అందులోనూ నెలల తరబడి మూల నిలబెట్టిన బండిలో ఈ రబ్బరు గట్టిపడి పెదవి విరుగుతుంది.

క్లచ్ వైపు సీలు పోతే క్రాంక్ గది గేర్ ఆయిల్‌ను పీల్చుకుంటుంది. పొగ దట్టంగా, తెల్లగా, వీధంతా కమ్మేలా వస్తుంది, వాసన కూడా టూటీ వాసన కాదు, మాడిన వాసన. చూసిన ప్రతివాడూ "రింగ్ పిస్టన్ ఖతం" అంటాడు. డైనమో వైపు సీలు పోతే ఆయిల్ రాదు, గాలి వస్తుంది. ఆ దొంగ గాలికి కార్బరేటర్ పెట్రోలు కలపలేదు. మంట వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ చప్పున దిగదు, ఒక్కోసారి తనంతట తాను ఎక్కుతుంది. రెండు సీళ్ళకూ వయసు ఒకటే, తరచు రెండూ కలిసే పోతాయి. అప్పుడు బండి ఒకవైపు వేడెక్కుతూ, ఇంకోవైపు పొగ కక్కుతుంది. వేడీ పొగా కలిసి కనిపించగానే బోరు పోయిందని తీర్పు చెప్పడం ఇక్కడే తప్పుతుంది. కొత్త పిస్టన్, కొత్త బోరు, పాత సీళ్ళు వేసుకుని బయటికొచ్చిన బండి వారం తిరక్కుండా మళ్ళీ పట్టేస్తుంది. అప్పుడు పిస్టన్ నకిలీదని దుకాణదారుణ్ణి తిడతారు.

పరీక్షకు ఖర్చు లేదు. గేర్ ఆయిల్ మొత్తం దించి, పుస్తకంలో చెప్పినంత కొత్తది కొలిచి పోయండి. ఒకటి రెండు వందల కిలోమీటర్లు తిప్పి మళ్ళీ దించి కొలవండి. బండి కింద మరకలు లేకుండానే ఆయిల్ తగ్గితే అది సైలెన్సర్ గుండా పోయింది. ఇంకో మాట లేదు. గేర్ ఆయిల్ తగ్గకుండా పెరిగినా, పెట్రోలు వాసన కొట్టినా అదీ సీలు తప్పే, తోసినప్పుడు ఇటు వచ్చింది. గాలి వైపు అనుమానం తీరాలంటే బండి నడుస్తుండగా చోక్ కొంచెం లాగండి. వేడిగా ఉన్న ఇంజన్ చోక్‌తో మొరాయించాలి. అలా కాక ఊపిరి పీల్చుకుని కుదురుగా నడిస్తే, ఎక్కడో గాలి ఎక్కువైంది. ముందు కార్బరేటర్ బిగించే అంచు చుట్టూ చిక్కగా గ్రీసు రాయండి. ఇంజన్ చప్పుడు మారితే దొంగ గాలి అక్కడే, సీలు దాకా పోనక్కర్లేదు. ఏళ్ళ తరబడి గట్టిగా బిగించి బిగించి ఆ అంచు వంగిపోయి ఉంటుంది, అద్దం మీద సన్నటి ఎమెరీ పేపర్ పెట్టి రుద్దితే చదునవుతుంది.

సీలే పోయిందని తేలితే నిశ్చింతగా మార్పించండి. కొన్ని బండ్లలో క్లచ్ విప్పితేనో డైనమో తీస్తేనో చేతికందుతుంది, కొన్నిటిలో క్రాంక్‌కేస్ తెరవాలి. తెరిచినా సరే, సిలిండర్‌ను లేత్ మెషీన్‌కు పంపాల్సిన పని మాత్రం లేదు. "ఎలాగూ తీశాం కదా, బోరింగ్ కూడా చేయించేద్దాం" అన్న మాట దగ్గర గట్టిగా నిలబడండి.

బుల్లెట్‌కు స్టార్ట్ చేయకముందు ఆయిల్ పోయకండి

పాత ఇనుప ఇంజన్ బుల్లెట్ 350 ఆయిల్‌ను క్రాంక్ గదిలో ఉంచుకోదు. అదే పోతలో వెనకవైపున్న వేరే అరలో ఉంచుకుని, ఒక పంపుతో పంపి ఇంకో పంపుతో వెనక్కి లాక్కుంటుంది. బండి వారాల తరబడి నిలబడితే ఆ ఆయిల్ మెల్లగా పంపు సందుల్లోంచి క్రాంక్ గదిలోకి దిగుతుంది. రంజాన్ నెలలో బయటికి తీయడానికి యజమాని వచ్చి డిప్‌స్టిక్ చూస్తాడు. ఆయిల్ కనబడదు. అయ్యో అని అర లీటరు పోస్తాడు. కిక్ కొట్టగానే గది నిండా ఉన్న ఆయిల్ పిస్టన్ దాటి పైకెక్కి వీధి వీధంతా పొగ. వెంటనే రింగులు మార్చాలని తీర్మానం.

చేయాల్సిందల్లా ఇది: పోయకుండా స్టార్ట్ చేయండి, లేదా ముందే క్రాంక్ గది డ్రైన్ బోల్టు విప్పి చేరిన ఆయిల్ దించి, దించినంతే మళ్ళీ దాని అరలో పోయండి. కొన్ని నిమిషాలు మెల్లగా నడిపాక డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ తన చోటికి తిరిగొచ్చి ఉంటుంది, పొగ కూడా తగ్గుతుంది. అప్పుడు తక్కువైతేనే పోయాలి. పొగ తగ్గకపోతే బ్రీదర్ గొట్టం ఊది చూడండి. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ దొరికిన దారినల్లా పోతుంది. రాకర్ దగ్గరి గొట్టం బోల్టును ఒక చుట్టు వదులు చేసి, ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ ఊరుతోందా అన్నది కూడా చూడాలి. ఊరకపోతే బండిని అక్కడే ఆపండి. వేడెక్కడానికి అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉండదు.

పొగ ఆపడానికి చిక్కటి ఆయిల్ పోయడం మానండి. అరిగిన రింగుల దగ్గర నాలుగు రోజులు పొగ దాస్తుంది, ఆ నాలుగు రోజులూ చల్లటి ఇంజన్‌లో పైకి ఎక్కాల్సిన చోటికి ఆలస్యంగా ఎక్కుతుంది.

ప్లగ్ మార్చకండి, చదవండి

వేడెక్కుతోందని చెప్పగానే "థండా ప్లగ్ వేయ్" అంటారు. చల్ల ప్లగ్ వేస్తే ప్లగ్ కొన చల్లగా ఉంటుంది. పిస్టన్ వేడి పిస్టన్‌కే ఉంటుంది. పైగా నంబర్ల దగ్గర పెద్ద తికమక ఉంది. ఎన్‌జీకే ప్లగ్‌లలో నంబర్ పెరిగేకొద్దీ చల్లది. ఇప్పటి బాష్‌లలో నంబర్ తగ్గేకొద్దీ చల్లది. ఆ సంగతి తెలియక ఒక కంపెనీ నంబర్ చూసి ఇంకో కంపెనీది అడిగితే సరిగ్గా వద్దనుకున్నదే వస్తుంది.

ఉన్న ప్లగ్ విప్పి చూస్తే అది ఎంతో చెబుతుంది. కానీ మదీనా నుంచి గుల్జార్ హౌజ్ దాకా మొదటి గేర్‌లో పాకుతూ వచ్చి విప్పితే అన్ని ప్లగ్‌లూ నల్లగానే ఉంటాయి. తెల్లవారుజామున చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్ వైపు, శ్రీశైలం రోడ్డు మీద బండిని నిలకడగా కొన్ని కిలోమీటర్లు నడపండి. అదే వేగంలో ఉండగా ఒకేసారి తాళం ఆపి, క్లచ్ పట్టి, పక్కకు ఆపి ప్లగ్ విప్పండి. లేత ఇటుక రంగు ఉంటే బాగున్నట్టు. సున్నంలా తెల్లగా, కొన మీద చిన్న చిన్న పొక్కులతో ఉంటే గాలి ఎక్కువై మంట వేడెక్కుతోంది. తడిగా నల్లగా ఉంటే ఆయిల్ గానీ పెట్రోలు గానీ ఎక్కువ. ఈ ప్రయాణం వల్ల ఇంకో లాభం ఉంది. గల్లీల్లోనే తిరిగే టూ స్ట్రోక్ బండి సైలెన్సర్‌లో పాత ఆయిల్ పేరుకుంటుంది. సాగదీసి నడిపితే అది కాలిపోయి, మొదట్లో భయపెట్టేంత పొగ వచ్చి, తర్వాత తగ్గుతుంది. సగం బండ్ల "రోగం" అక్కడితో సరి. తగ్గకపోతే సైలెన్సర్ లోపలి గొట్టం బయటికి తీసి మసి గీకించండి, ఎగ్జాస్ట్ పోర్టులోని మసి కూడా. మసితో మూసుకుపోయిన సైలెన్సర్ వేడి పొగను ఇంజన్‌లోనే ఆపుతుంది. చప్పుడు కోసం ఆ లోపలి గొట్టాన్ని పూర్తిగా పారేసేవాళ్ళకు చెబుతున్నాను: కార్బరేటర్ లెక్క అంతా తప్పుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

పాత బండిని మైలేజీ అడగకండి

"ఎంత ఇస్తుంది?" అన్న ప్రశ్న పాత ఇంజన్లకు పెద్ద గండం. గాలి స్క్రూ అర చుట్టు తిప్పి, జెట్ ఒక సైజు తగ్గించి, లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు మిగిల్చానని సంతోషించే మనిషి, కాలని పెట్రోలు ఇంజన్‌ను లోపలి నుంచి చల్లబరుస్తుందని మరిచిపోతాడు. గాలితో చల్లబడే ఇంజన్‌కు రెండే దిక్కులు: బయట రెక్కల మీది గాలి, లోపల ఆవిరయ్యే పెట్రోలు. పాతబస్తీ ట్రాఫిక్‌లో మొదటిది ఎలాగూ ఉండదు. చార్మినార్ చుట్టూ వాహనాలు రానివ్వరు, చుట్టు తిరిగి పోయే గల్లీల్లో నడక వేగం, మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ. ఇక రెండోదాన్ని కూడా మన చేతులతో తగ్గిస్తే ఏం మిగులుతుంది?

దీనికి తోడు పెట్రోలే మారింది. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మామూలైపోయింది. మామూలు పెట్రోల్ ఒక పాలు కాలడానికి బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. కొత్త బండ్లలో సెన్సర్లు సర్దుకుంటాయి. 1980ల కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు, పాత లెక్క ప్రకారమే గాలి ఇస్తుంది, అంటే ఎవరూ స్క్రూ ముట్టుకోకుండానే బండిలో గాలి ఎక్కువైంది. నిన్నటిదాకా బాగున్న బండి ఉన్నట్టుండి వేడెక్కుతోందంటే ముందు దీన్ని అనుమానించాలి. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ప్లగ్ రంగు మళ్ళీ చూడండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుక్కు దిగుతాయి, ఆ అడుగు పొరలో మీరు కలిపిన ఆయిల్ ఉండదు. నెలలు నిలబెట్టిన యెజ్డీని అదే పెట్రోలుతో స్టార్ట్ చేస్తే మొదటి గుక్క ఆయిల్ లేనిదే దిగవచ్చు. దించి పారబోయండి, కొత్తది కలపండి. పాత రబ్బరు పెట్రోల్ పైపును కూడా అప్పుడే మార్చండి.

వేడికి ఇంకో కారణం, ప్లగ్‌కు నిప్పు పంపే పాయింట్ల సంగతి క్లుప్తంగా. పాయింట్ల మడమ అరిగేకొద్దీ సందు తగ్గుతుంది, సందు తగ్గితే నిప్పు ఆలస్యంగా పడుతుంది, ఆలస్యంగా పడిన మంట సైలెన్సర్ పైపులో కాలుతుంది. ఇంజన్ దగ్గర పైపు నీలం తిరిగిపోతే ఇది చూడాలి. చాలా పాత బండ్లకు సందు 0.4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఫీలర్ గేజ్ పెట్టి కొలవండి. హాక్సా బ్లేడు ముక్క పెట్టి చూడటం కొలత కాదు.

ఇంజన్ వదిలి చక్రం తిప్పండి

వేడెక్కే బండిని సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి. రెండు చుట్లకే ఆగిపోతే బ్రేకు పట్టేస్తోంది, లేదా చైను మరీ బిగుతుగా ఉంది. రోజంతా బ్రేకు తొక్కి నడిపినట్టే కదా, వేడెక్కక ఏం చేస్తుంది? సిలిండర్ రెక్కల మధ్య గ్రీసు, దుమ్ము కలిసి గట్టిపడిన పొరను కిరోసిన్, బ్రష్‌తో కడగండి. రెక్కల మీద మందంగా వేసిన సిల్వర్ పెయింట్ గీకేయండి. లెగ్‌గార్డ్‌కు అడ్డంగా కట్టిన రెక్సిన్ తీసేయండి.

వేడి ఇంజన్ మీద నీళ్ళు పోయకండి. చార్మినార్ దగ్గర ఎండలో ఆగిన బండి మీద బాటిల్ నీళ్ళు కుమ్మరించడం ఎన్నోసార్లు చూశాను, ప్రతిసారీ గుండె ఝల్లుమంది. ఇనుము ఒక తీరుగా, అల్యూమినియం ఒక తీరుగా కుంచించుకుపోతాయి, హెడ్ వంగుతుంది, రెక్కలు పగులుతాయి. నీడలో నిలబెట్టండి.

పిస్టన్ పట్టేసినా వెంటనే కిక్ మీద నిలబడి తొక్కకండి. ఇంజన్ బిగుసుకుంటున్నట్టు తోచిన క్షణమే క్లచ్ పట్టి పక్కకు తీయండి. పూర్తిగా చల్లబడ్డాక ప్లగ్ విప్పి కొద్దిగా ఆయిల్ వేసి, చేత్తో మెల్లగా కదిలించండి. చాలాసార్లు పిస్టన్ అల్యూమినియం సిలిండర్ గోడకు పూతలా అంటుకుని ఉంటుంది తప్ప గోడ గీసుకుపోదు. చేయి తిరిగిన ఉస్తాద్ ఆ పూత తీసేస్తే అదే సిలిండర్ మళ్ళీ పనికొస్తుంది. గోళ్ళతో తడిమితే లోతైన గీత తగిలిందా, అప్పుడు బోరింగ్‌కు ఒప్పుకోండి. లేత్ దగ్గర పిస్టన్‌కూ గోడకూ ఎంత సందు ఉంచారో కాగితం మీద రాయించుకోండి. బిగుతుగా కుదిరితే మంచి పని అనుకోవడం పొరపాటు, ఈ ఊరి ఎండకు ఆ బిగుతే మళ్ళీ పట్టేస్తుంది.

పని చేయని ఉస్తాద్‌కు డబ్బులివ్వండి

ఇంజన్లు అనవసరంగా ఎందుకు దిగుతున్నాయో చెప్పకుండా ఈ చిట్కాలు ముగించలేను. నీలం పొగ చూసి, చెవి పెట్టి విని, "సీల్ మార్చు, బోర్ బాగుంది" అని చెప్పగల ఉస్తాద్‌లు యాకుత్‌పురాలో, దబీర్‌పురాలో, అఫ్జల్‌గంజ్ వైపు ఇంకా ఉన్నారు. కానీ ఆ మాటకు మనం ఏమిస్తున్నాం? ఒక చాయ్. ఇంజన్ దించి బోరింగ్ చేస్తే మాత్రం వేలు ఇస్తాం. వాళ్ళకూ ఇల్లుంది, పిల్లలున్నారు, దుకాణం కిరాయి ఉంది. డాక్టరు నాడి చూసి ఆపరేషన్ అక్కర్లేదంటే ఫీజు ఎగ్గొడతామా? ఉస్తాద్ దగ్గర అదే చేస్తున్నాం. విప్పితేనే డబ్బు వచ్చే చోట విప్పకుండా వదలడం ఎవరి తరం?

కాబట్టి వెళ్ళగానే చెప్పండి: "ఉస్తాద్, ఇవాళ ఏదీ విప్పొద్దు. గంటసేపు చూడండి, వినండి, నడపండి. ఏమైందో చెప్పండి. చూసినందుకు ఇంత ఇస్తాను." ముందే ఇవ్వండి. తర్వాత నిజంగా విప్పాల్సి వస్తే దగ్గర కూర్చోండి. తీసిన పాత సీలు, పాత పిస్టన్, పాత జెట్ అన్నీ అడిగి ఇంటికి తెచ్చుకోండి. సైజులు, సందులు, జెట్ నంబర్లు ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసి బండి కాగితాలతో పాటు ఉంచండి. మీ తర్వాత ఆ బండి ఎవరి చేతికి వెళ్ళినా ఆ నోట్‌బుక్ కూడా వెళ్ళాలి. ఇంట్లో మూలన పడి ఉన్న పాత సిలిండర్, బోరు పెద్దదైపోయినా, స్క్రాప్‌కు వేయకండి. స్లీవ్ వేయడానికి రేపు ఇంకో బండికి అదే దిక్కు.